అప్‌డేట్: వీడియో ఇప్పుడు నా విండోలోనే ఆడుతోంది

క్యూటీ (ప్రోగ్రాములకు విండోలు, బటన్లు కట్టే టూల్‌కిట్) విండోలో పెట్టిన విఎల్‌సి వీడియో ప్లేయర్, వీడియోను నా ఫ్రేమ్‌లో కాకుండా విడిగా ఇంకో విండోలో తెరుస్తోందని అడిగాను కదా, అది తేలింది. వీడియో ఎక్కడ చూపించాలో విఎల్‌సికి చెప్పే ఫ్రేమ్ విండో ఐడీని, ప్లే ఫంక్షన్‌ను పిలిచిన తర్వాత ఇస్తూ వచ్చాను, అదే తప్పు. ప్లేబ్యాక్ మొదలయ్యేటప్పుడు ఏ ఐడీ ఉంటే అదే లెక్క. ముందే ఇచ్చేసరికి వీడియో ఫ్రేమ్‌లో చక్కగా కూర్చుంది. రెండు రోజుల టెన్షన్, ఒక్క లైను పైకి జరిపితే పోయింది!

లైనక్స్‌లో మాత్రం వేలాండ్ (స్క్రీన్ మీద విండోలు చూపించే కొత్త వ్యవస్థ) సెషన్‌లో మళ్లీ విడి విండోనే వచ్చింది. ఆ ఐడీ ఎక్స్11 (అదే పని చేసే పాత వ్యవస్థ) విండోది కావాలి. అందుకే క్యూటీని ఎక్స్11ను వాడే ఎక్స్‌సిబి ప్లాట్‌ఫామ్‌తో నడుపుతున్నాను.

ఇంకోటి, వీడియో మీద డబుల్ క్లిక్ చేస్తే నా కోడ్‌కు తెలిసేది కాదు. క్లిక్‌లను విఎల్‌సియే తీసేసుకుంటోంది. దాని మౌస్ ఇన్‌పుట్ ఆపేశాను, ఫుల్‌స్క్రీన్ కూడా పనిచేస్తోంది. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.