పాత కంప్యూటర్‌లో రెండో హార్డ్ డిస్క్ పెడితే ఉన్నదీ కనిపించట్లేదు, సాయం కావాలి

వానచినుకు:
అందరికీ నమస్తే. ఇంట్లో పాత పెంటియమ్ 4 కంప్యూటర్ ఉంది, 80 జీబీ ఐడీఈ డిస్క్ (వెడల్పు రిబ్బన్ కేబుల్‌తో తగిలించే పాత రకం) మీద విండోస్ ఎక్స్‌పీ ఇప్పటికీ బాగానే నడుస్తోంది. పాడైపోయిన ఇంకో కంప్యూటర్‌లోంచి 250 జీబీ డిస్క్ తీసి, అదే రిబ్బన్ కేబుల్‌కి ఖాళీగా ఉన్న కనెక్టర్‌లో పెట్టాను. అంతే, రెండూ కనిపించడం మానేశాయి, బయోస్ తెర (ఆన్ చెయ్యగానే విండోస్ కన్నా ముందు వచ్చేది) దగ్గరే ఆగిపోతోంది. కొత్తగా పెట్టింది తీసేస్తే మళ్లీ మామూలుగా బూట్ అవుతోంది. డిస్క్ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అందులో మా అమ్మమ్మ గొంతు రికార్డింగులు ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు, రెండు రోజులుగా ఒకటే టెన్షన్. డిస్క్ పోయినట్టేనా?

పాతబోర్డు:
తిరుగుతోంది కదా, కంగారు పడకండి. మీరు చెప్పిన లక్షణాలు అచ్చం జంపర్ గొడవలాగే ఉన్నాయి. ఒకే ఐడీఈ కేబుల్ మీద రెండు డిస్కులుంటే ఒకటి మాస్టర్ (మొదటిది), ఇంకోటి స్లేవ్ (రెండోది) అవ్వాలి, రెండూ మాస్టర్‌గా ఉంటే ఒకేసారి బదులివ్వబోయి బయోస్‌కి ఏదీ దొరకకుండా పోతుంది.

డిస్క్ వెనక వైపు చూడండి. ఒక పక్క రిబ్బన్ పెట్టే సాకెట్, ఇంకో పక్క పవర్‌కి నాలుగు లావు పిన్నులు, ఆ రెండింటి మధ్య సన్నటి పిన్నుల మీద గోరు చివరంత ప్లాస్టిక్ టోపీ ఒకటి ఉంటుంది, అదే జంపర్. పట్టకారుతో నిటారుగా లాగితే వస్తుంది, పక్కకి వంచి లాగితే పిన్ను వంగుతుంది జాగ్రత్త. ఏ పిన్నుల మీద పెడితే ఏమవుతుందో డిస్క్ లేబుల్ మీద బొమ్మ ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో రకం, అందుకని ఒక డిస్క్ బొమ్మ చూసి ఇంకో డిస్క్‌కి పెట్టకండి. వెస్టర్న్ డిజిటల్ డిస్కులైతే ఇంకో మెలిక ఉంది: కేబుల్ మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఒక సెట్టింగ్, స్లేవ్ జతగా వచ్చినప్పుడు మాస్టర్‌కి వేరే సెట్టింగ్. అంటే మీ పాత 80 జీబీ దాని జంపర్ కూడా మార్చాల్సి రావచ్చు, చాలామంది కొత్తదాన్నే తిప్పి తిప్పి విసిగిపోయేది ఇక్కడే.

కేబుల్ సన్నని తీగలున్న 80 తీగల రకం అయితే నీలం కొస మదర్‌బోర్డుకి, నలుపు కొస మాస్టర్‌కి, మధ్యలో బూడిద రంగుది స్లేవ్‌కి. ఎర్ర గీత పవర్ సాకెట్ వైపు రావాలి. ఇదంతా కరెంటు తీగ పూర్తిగా పీకేశాకే.

తెల్లకాగితం:
బయోస్‌లో ఆ డిస్క్ పెట్టిన చోటు ఎదురుగా ఆటో (తనే వెతుక్కుంటుంది) అని ఉందో, నన్ (ఏదీ లేదు) అని ఉందో కూడా చూడండి. నాకు అలాగే అయింది. పైగా బ్యాటరీ అయిపోయి సెట్ చేసిన ప్రతిసారీ మర్నాటికి మర్చిపోయేది. బోర్డు మీదున్న సీఆర్ 2032 బ్యాటరీ మార్చాక మళ్లీ ఆ సమస్య రాలేదు.

వానచినుకు:
పాతబోర్డు గారూ, మీరన్నదే నిజం, రెండూ మాస్టర్‌గానే ఉన్నాయి! మార్చాక బయోస్‌లో రెండూ వచ్చాయి, 250 అని కూడా సరిగ్గానే చూపిస్తోంది. కానీ ఎక్స్‌పీలో తెరవబోతే ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతోంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మొత్తం 128 జీబీయే ఉంది. మిగతాది ఏమైంది?

ఎర్రవైరు:
ఫార్మాట్ కొట్టెయ్యండి, నాకు అలాగే వస్తే కొట్టాను, తర్వాత బానే పనిచేసింది.

నిదానం:
దయచేసి కొట్టకండి! ఎర్రవైరు గారూ, మీది ఖాళీ డిస్క్ అయ్యుంటుంది, వీళ్ల దాంట్లో తిరిగి రానివి ఉన్నాయి.

వానచినుకు గారూ, స్టార్ట్, రన్‌లో విన్‌వర్ (winver) అని కొట్టి సర్వీస్ ప్యాక్ (ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పెద్ద అప్‌డేట్) ఏదో చూడండి. ఏమీ లేకపోతే కారణం అదే. పాత పద్ధతిలో డిస్క్ మీద ప్రతి సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) నంబరుకీ 28 బిట్లే ఉండేవి, సెక్టార్‌కి 512 బైట్లు చొప్పున లెక్కేస్తే 137 జీబీ దగ్గర ఆగిపోతుంది, విండోస్ లెక్కలో అదే 128. 48 బిట్ల పద్ధతి ఎక్స్‌పీలోకి 2002లో సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. మీ 250లో పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్లకి కేటాయించిన భాగం) చివర ఎక్కడో ఆ గీత దాటి ఉంది, ఎక్స్‌పీ అక్కడిదాకా వెళ్లలేక ఖాళీ డిస్క్ అనుకుంటోంది, అంతేగానీ డేటా ఎక్కడికీ పోలేదు. కానీ ఈ స్థితిలో దాని మీద ఏమీ రాయనివ్వకండి, డిస్క్ తప్పులు సరిదిద్దే చెక్‌డిస్క్ కూడా వద్దు. నాకు ఒకసారి ఇలాంటి పాత సిస్టమ్ గీత దాటి రాయబోయి చుట్టు తిరిగి డిస్క్ మొదట్లో ఉన్నదాని మీదే రాసేసింది, సగం ఫోల్డర్లు పోయాయి, ఆ బాధ నాకు తెలుసు. ముందు యూఎస్‌బీ అడాప్టర్‌తో ఏదైనా కొత్త కంప్యూటర్‌కి తగిలించి కాపీ తీసుకోండి. 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు కావాలి, మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 మాత్రమే, కాబట్టి విడిగా పవర్ ఉన్న అడాప్టరే తీసుకోండి.

గాలిమర:
సాటా డిస్క్ (ఐడీఈ తర్వాత వచ్చిన, సన్నని కేబుల్ రకం) పెట్టేవాళ్లకి కూడా పనికొస్తుందని నాది చెబుతున్నాను. నా బోర్డులో వియా వీటీ 8237 చిప్ ఉంది, సాటా పోర్టు ఉన్నా కొత్త డిస్క్‌ని అసలు గుర్తించదు. నాలుగు కేబుళ్లు మార్చాను. చివరికి తెలిసింది, ఆ చిప్ 1.5 గిగాబిట్ల వేగమే మాట్లాడుతుంది, 3 గిగాబిట్ల డిస్క్‌తో వేగం కుదుర్చుకోవడం దానికి రాదు. డిస్క్ మీద వేగం తగ్గించే జంపర్ పెడితే వెంటనే వచ్చింది. జంపర్ లేని డిస్క్ అయితే బోర్డు మీద విడిగా పెట్టే పీసీఐ సాటా కార్డు ఒక దారి.

తెల్లకాగితం:
యూఎస్‌బీ డబ్బాలోంచి (బయట పెట్టుకునే డిస్క్ పెట్టెలోంచి) తీసిన డిస్కులతో ఇంకో చిక్కు. కొన్ని డబ్బాల్లోని సర్క్యూట్ సెక్టార్‌ని 4096 బైట్లుగా చూపిస్తుంది, బయటికి తీసి నేరుగా పెడితే లెక్క కుదరక పార్టిషన్ లేనట్టే కనిపిస్తుంది. భయపడి ఇనిషియలైజ్ (కొత్త డిస్క్‌లా మొదట్నుంచి సిద్ధం చెయ్యడం) చెయ్యకండి, మళ్లీ అదే డబ్బాలో పెడితే అన్నీ ఉంటాయి. 2 టీబీ పైన ఉన్నవి ఎక్కువగా జీపీటీ అనే కొత్త పార్టిషన్ పట్టిక పద్ధతిలో ఉంటాయి, 32 బిట్ ఎక్స్‌పీ వాటిని చదవలేదు.

వానచినుకు:
ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. విన్‌వర్‌లో సర్వీస్ ప్యాక్ ఏమీ లేదు, నిదానం గారు చెప్పినట్టే. పవర్ ఉన్న అడాప్టర్‌తో అక్క ల్యాప్‌టాప్‌కి పెట్టాను, అన్ని ఫోల్డర్లూ తెరుచుకున్నాయి. రికార్డింగులన్నీ రెండు చోట్ల కాపీ చేశాం. మొదటి ఫైలు పెట్టగానే అమ్మమ్మ "ఇది ఆన్ అయిందా అమ్మా?" అని అడుగుతోంది, అక్క వెంటనే లేచి అమ్మని పిలిచింది.

తర్వాత ఎక్స్‌పీకి ముందు సర్వీస్ ప్యాక్ 1, దాని మీద 3 వేసి డిస్క్‌ని మళ్లీ లోపల పెడితే మొత్తం సైజు వచ్చింది. కానీ కాపీ చేస్తుంటే మధ్యమధ్యలో ఆగుతోంది, స్మార్ట్ వివరాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే పట్టికలో) 199వ వరుసలో సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిపోయిన సందర్భాల) అంకె రోజూ పెరుగుతోంది. డిస్క్ చివరి దశకి వచ్చిందా?

పాతబోర్డు:
199 ఒక్కటే పెరుగుతుంటే అనుమానం డిస్క్ మీద కాదు, కేబుల్ మీద. 5, 197 వరుసలు సున్నా ఉన్నాయా చూడండి, అవి పెరిగితేనే డిస్క్ ఉపరితలం గురించి ఆలోచించాలి. రిబ్బన్ మార్చండి. పాత అంకె వెనక్కి తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు.

వానచినుకు:
అవి రెండూ సున్నానే. కేబుల్ మార్చి నాలుగు రోజులైంది, అంకె కదల్లేదు. ఏ జంపర్ ఎక్కడుందో కాగితం మీద బొమ్మ వేసి కేస్ మూత లోపల అతికించాను.