బెంగళూరు ఫ్లాట్‌లో బెర్నీస్ మౌంటెన్ డాగ్ పిల్ల: తెచ్చుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

మారతహళ్లి_మూడో_అంతస్తు:
అందరికీ నమస్తే. మాది మారతహళ్లి దగ్గర మూడో అంతస్తులో త్రీ బీహెచ్‌కే, అద్దెది. లిఫ్ట్ ఉంది. ఇద్దరం ఉద్యోగస్తులమే కానీ ఎవరో ఒకరు రోజూ ఇంట్లోంచే పని చేస్తారు. పాపకి ఆరేళ్లు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ కారులో ఒంగోలు వెళ్తుంటాం. బెర్నీస్ మగపిల్లని ఒకదాన్ని అనుకుంటున్నాం, కాకపోతే సెయింట్ బెర్నార్డ్. స్వభావం మంచిదని అందరూ చెప్తున్నారు, దాని గురించి కాదు నా బెంగ. ఎండ, తిండి, జబ్బులు, ఖర్చు. వీటి గురించి తెలిసినవాళ్లు లెక్కలతో చెప్తే బాగుంటుంది. అమ్మే ఆయన "బెంగళూరు చల్లగానే ఉంటుంది సార్, ఫ్యాన్ చాలు" అంటున్నాడు. "హెవీ బోన్ రావాలంటే కాల్షియం సిరప్ తప్పనిసరి" అని కూడా అన్నాడు.

హెబ్బాళ_శేషు:
ఫ్యాన్ చాలన్నాడంటేనే ఆయన సంగతి సగం తెలిసిపోయిందండీ. ఫ్యాన్ కింద మనకి చల్లగా అనిపించేది ఒంటి మీద చెమట ఆరుతుంది కాబట్టి. కుక్కకి చెమట పట్టేది అరికాళ్లలోనే, అదీ కొద్దిగా. అది రొప్పుతుంటే నాలుక మీద తడి ఆరి ఒంట్లో వేడి దిగాలి. వానకి ముందు ఉక్కపోతలో ఆ తడి కూడా సరిగ్గా ఆరదు. పైగా బెర్నీస్‌ది రెండు పొరల బొచ్చు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ చుట్టుపక్కల పాల బళ్లు లాగడానికి, పశువుల దగ్గర కాపలాకి పెంచిన జాతి.

బెంగళూరు చల్లదనం జూన్ నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్, మే నెలల్లో 33 నుంచి 36 డిగ్రీలు మామూలే, 2024 ఏప్రిల్ చివర్లో 38 కూడా దాటింది. కాబట్టి ఒక గదికి ఏసీ ఉండాల్సిందే. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీని 24 దగ్గర పెట్టి పగలంతా పది గంటలు నడిపితే నెలకి సుమారు 250 నుంచి 300 యూనిట్లు. కరెంటు పోతే మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా? చాలా చోట్ల లైట్లకీ ఫ్యాన్లకీ మించి లోడ్ ఇవ్వరు. ముందే కనుక్కోండి.

సంక్రాంతికి ఒంగోలు తీసుకెళ్లొచ్చు. మే నెల ప్రయాణం మాత్రం మర్చిపోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ పది రోజులూ దాన్ని చూసుకునే మనిషిని గానీ, ఏసీ ఉన్న బోర్డింగ్ గానీ కుక్క రాకముందే చూసిపెట్టుకోవాలి. పెద్ద సైజు కుక్కల్ని తీసుకోని బోర్డింగులు చాలా ఉన్నాయి.

వడదెబ్బ గుర్తులు: ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం. మలద్వారంలో పెట్టే డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉంచండి. మామూలుగా 38 నుంచి 39.2 సెల్సియస్ ఉంటుంది. 40.5 దాటితే ముందు ఒళ్లంతా కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టి, 39.5కి దిగగానే ఆపి, అప్పుడు ఆసుపత్రికి బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడెక్కి దుప్పటిలా తయారవుతుంది, ఆ పని చేయొద్దు.

గ్రూమింగ్_పద్మ:
ఎండాకాలం కదా అని గుండు చేయించకండి, దయచేసి. పై వెంట్రుకలు చర్మానికి ఎండ తగలకుండా కాస్తాయి. రెండు పొరల బొచ్చుని మిషన్‌తో తీసేస్తే కొన్నిటికి నెలల తరబడి తిరిగి రాదు, వచ్చినా మచ్చలు మచ్చలుగా వస్తుంది. తియ్యాల్సింది లోపలి మెత్తటి బొచ్చు. వారానికి మూడుసార్లు అండర్‌కోట్ రేక్‌తో (లోపలి బొచ్చు తీసే పొడుగు పళ్ల దువ్వెన) చర్మం దాకా దువ్వాలి. చెవుల వెనక, తొడల వెనక మొదట ఉండలు కడుతుంది.

స్నానం నెలకి ఒకటి చాలు. అసలు పని ఆరబెట్టడం. పైన ఆరినట్టే ఉంటుంది, వేళ్లు లోపలికి పోనిస్తే చెమ్మ తగులుతుంది. ఆ చెమ్మ ఉండిపోతే రెండు రోజుల్లో హాట్ స్పాట్: చర్మం ఎర్రబడి, రసి కారి, కంపు. పెట్ బ్లోయర్‌తో గంట, గంటన్నర పడుతుంది. నీళ్ల లెక్క కూడా చూసుకోండి. 2024 మార్చిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఊరు ఇది.

సెయింట్ బెర్నార్డ్‌కి ఇదంతా ఉంటుంది, పైన చొంగ అదనం. గోడల మీద కూడా.

పాతకాపు_77:
ఇంత హడావుడి ఎందుకు? పెరుగన్నం, రోజుకో గుడ్డు, చికెన్ స్క్రాప్, కాల్షియం సిరప్. కుక్కలు ఎప్పటి నుంచో ఇలాగే పెరుగుతున్నాయి. ప్యాకెట్ తిండి కంపెనీల వ్యాపారం.

కిబుల్_లెక్కలు:
పాతకాపు గారూ, వీధికుక్క పదిహేను కిలోల దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ తిండితో నెట్టుకొస్తుంది. బెర్నీస్ మగది ఏడాదిలో 40 కిలోలు దాటి, పూర్తిగా ఎదిగాక 50 దాకా వెళ్తుంది. మొదటి ఆరు నెలల్లో తిండిలో చేసిన తప్పు ఎముకలో ఉండిపోతుంది.

అన్నం, బోన్‌లెస్ చికెన్ మాత్రమే పెడితే ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎముకలు పలచబడి, గెంతితే విరుగుతాయి. సరే అని మంచి పప్పీ ఫుడ్ మీద సిరప్ పోస్తే ఇంకో ముప్పు. పెద్ద కుక్క పేగు తనకి కావల్సినంత కాల్షియమే తీసుకుంటుంది. ఆరు నెలల లోపు పిల్లకి ఆ అదుపు ఉండదు, ఎంత వస్తే అంత లోపలికి పోతుంది. అప్పుడు మృదులాస్థి ఎముకగా మారడం దెబ్బతిని కీళ్లలో పెచ్చులు లేస్తాయి, ముందుకాళ్లు వంకర పోతాయి. కాబట్టి సిరప్ వద్దు. "హెవీ బోన్" అని చూపించే ఉబ్బిన మణికట్లు ఒక్కోసారి జబ్బు గుర్తే.

ప్యాకెట్ మీద లార్జ్ బ్రీడ్ పప్పీ అని ఉండాలి. వెనక చిన్న అక్షరాల్లో, పెద్దయ్యాక 32 కిలోలు దాటే కుక్కల పెరుగుదలకి కూడా సరిపోతుందన్న వాక్యం వెతకండి. కాల్షియం 1 నుంచి 1.5 శాతం మధ్య ఉంటే మంచిది. ఆరు నెలల దాకా మూడు పూటలు, తర్వాత రెండు. గిన్నెతో కాదు, వంటింటి కాటాతో గ్రాముల్లో తూచి పెట్టండి.

వారానికోసారి బరువు రాసుకోండి. పిల్లని ఎత్తుకుని కాటా ఎక్కి మీ బరువు తీసేయడమే. రెండు నుంచి ఐదు నెలల మధ్య వారానికి సుమారు కిలో, కిలోన్నర పెరుగుతుంది. పక్కటెముకలు తడిమి చూడటం అంతకన్నా ముఖ్యం. ఒక చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, రెండో చేతి వేళ్లతో దాని వెనక వైపు తడమండి. ఎముకలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి గణుపుల్లా తగిలితే బక్కగా ఉన్నట్టు, అరచేయి లోపలి వైపులా మెత్తగా ఉంటే లావెక్కినట్టు. బొద్దుగా ఉంటేనే ముద్దు అనేవాళ్ల మాట వినకండి.

ఖర్చు: 45 కిలోల కుక్కకి రోజుకి 1,700 కేలరీల చొప్పున చూస్తే దాదాపు 450 నుంచి 500 గ్రాములు, నెలకి 14–15 కిలోలు. మంచి రకం కిలో 500 నుంచి 800 అనుకుంటే తిండికే నెలకి ఏడు నుంచి పన్నెండు వేలు.

హెబ్బాళ_శేషు:
పై లెక్కకి మందులు కలపండి. గోమార్ల (టిక్స్) మాత్ర, మత్తు, యాంటీబయాటిక్, అన్నీ కిలోల లెక్కనే. బెంగళూరులో గోమార్ల వల్ల వచ్చే జ్వరం (టిక్ ఫీవర్) ఏడాది పొడుగునా ఉంటుంది, అందుకే ఆ మాత్ర ఏ నెలా మానొద్దు. జ్వరం, తిండి మానెయ్యడం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం కాఫీ రంగు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు చూడాలి.

ఇక జాతితో వచ్చేవి. తుంటి, మోచేతి కీళ్లు సరిగ్గా అమరకపోవడం (డిస్ప్లేసియా). క్యాన్సర్, అందులోనూ హిస్టియోసైటిక్ సార్కోమా. దానికి నయం చేసే మందు లేదు. ఆయుష్షు సగటున ఎనిమిదేళ్లు అనుకోండి. అంటే మీ పాప తొమ్మిదో తరగతికి వచ్చేసరికి. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

కడుపు మెలిక కూడా తెలిసి ఉండాలి. పొట్ట ఉబ్బుతుంది, వాంతికి ప్రయత్నిస్తుంది కానీ నురగ తప్ప ఏమీ రాదు, ఒకచోట నిలవలేదు. గ్యాస్ అని ఇంట్లో సిరప్ పోస్తూ కూర్చుంటే గంటల్లో పోతుంది, ఆపరేషన్ ఒక్కటే దారి. అర్ధరాత్రి ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఏదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. "24 గంటలు" అన్న బోర్డు ఉన్నచోటల్లా రాత్రి సర్జన్ ఉండడు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అప్పుడే, జీర్ణాశయాన్ని పొట్ట లోపలి గోడకి కుట్టేసే గ్యాస్ట్రోపెక్సీ కూడా చేస్తారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంత పెద్ద జాతులకి తొందరపడి ఆరు నెలలకే చేయించకుండా, కీళ్లు ఎదిగాక ఎప్పుడన్నది డాక్టర్‌తో తేల్చుకోండి.

మీ ఫ్లాట్‌లో విట్రిఫైడ్ టైల్స్ ఉండి ఉంటాయి. పిల్ల లేచిన ప్రతిసారీ వెనక కాళ్లు చెరో వైపు జారితే ఎదిగే తుంటికి చేటు. పడుకునే చోటు నుంచి గిన్నె దాకా, తలుపు దాకా రబ్బరు చాపలు పరవండి. మూడు నెలల లోపు మెట్లు అసలు వద్దు. పెద్దయ్యాక లిఫ్ట్ ఆగిన రోజున 48 కిలోల జబ్బు కుక్కని మూడంతస్తులు దించాలంటే మందపాటి దుప్పటి, నాలుగు చేతులు కావాలి. ఆ రెండో మనిషి ఎవరో తెలుసుకుని ఉండండి.

మారతహళ్లి_మూడో_అంతస్తు:
చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు ప్రశ్నలు. అసోసియేషన్‌లో ఒకాయన "ఇది ప్రభుత్వం నిషేధించిన జాతి" అంటున్నారు. ఇంకోటి, పిల్లకి ఇప్పుడు 35 రోజులట. ఈ ఆదివారమే పంపిస్తాను, సగం అడ్వాన్స్ వెయ్యండి అంటున్నాడు అమ్మే ఆయన.

కిబుల్_లెక్కలు:
2024 మార్చిలో కేంద్రం ఇచ్చిన 23 జాతుల సర్క్యులర్ గురించి ఆయన చెప్తున్నట్టున్నారు. అందులో కాకేసియన్ షెపర్డ్ లాంటివి ఉన్నాయి, బెర్నీస్ గానీ సెయింట్ బెర్నార్డ్ గానీ లేవు. దాన్ని కర్ణాటక హైకోర్టు అదే ఏప్రిల్‌లో కొట్టేసింది కూడా. సైజు చూపించి కుక్కని వద్దనే హక్కు, లిఫ్ట్ ఎక్కనివ్వకపోయే హక్కు అసోసియేషన్‌కి లేవని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీది అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ అనుమతి మాత్రం అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

35 రోజుల పిల్లని తీసుకోవద్దు. 2017 బ్రీడింగ్ నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు, అమ్మేవాళ్లకి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. నియమం సంగతి పక్కన పెట్టినా, ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోడపుట్టిన వాటి దగ్గర. అది నేర్వని పిల్ల 40 కిలోలయ్యాక ఆరేళ్ల పాప ఉన్న ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

"పంపిస్తాను" అంటే వద్దని, మీరే మధ్యాహ్నం పూట వెళ్లండి. తల్లిని చూపించమనండి. అది మనుషుల్ని చూసి దాక్కుంటున్నా, గుర్రుమంటున్నా వెనక్కి వచ్చెయ్యండి. తల్లిదండ్రుల తుంటి, మోచేతి ఎక్స్‌రేలు అడగండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితం వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు. టీకా కార్డులో సీసా స్టిక్కరు, తేదీ, డాక్టర్ ముద్ర మూడూ ఉండాలి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) టీకాల్లో చివరిది 16 వారాలకి పడేదాకా వీధిలో నేల మీద దింపొద్దు, కానీ ఎత్తుకుని రోజూ బయట తిప్పండి. ఆటోలు, కుక్కర్ విజిల్, వినాయక నిమజ్జనం డప్పులు, అన్నీ ఆ వయసులోనే అలవాటవ్వాలి.

డబ్బు సగం ముందు, సగం తర్వాత అయితే ఫరవాలేదు. చిప్ రీడర్ ఉన్న డాక్టర్ దగ్గర పిల్ల మెడ వెనక చర్మం కింద ఉన్న మైక్రోచిప్‌లోని 15 అంకెల నంబరు చదివించి, కేసీఐ కాగితం మీద ఉన్నది అదేనా అని పోల్చి చూశాకే రెండో సగం ఇవ్వండి.