ఉద్యోగాలు పెరిగాయట, నిరుద్యోగమూ పెరిగిందట! అమెరికా జాబ్స్ రిపోర్టు ఎలా చదవాలి?

ప్లేనో_బాబు:

నిన్న మంగళవారం, 2025 డిసెంబరు 16న, అమెరికా కార్మిక గణాంకాల సంస్థ (బీఎల్ఎస్) నుంచి నవంబరు జాబ్స్ రిపోర్టు వచ్చింది కదా. ఉద్యోగాలు 64 వేలు పెరిగాయట. నిరుద్యోగం మాత్రం 4.6 శాతానికి ఎక్కిందట, నాలుగేళ్లలో ఇదే ఎక్కువట. రెండూ ఒకేసారి ఎలా పెరుగుతాయి? పైగా అక్టోబరు నిరుద్యోగ శాతం ఉండాల్సిన గడి ఖాళీగా వదిలేశారు.

ఆఫీసులో నా పక్క సీటాయన ట్రంప్ అభిమాని. "ప్రైవేటు ఉద్యోగాలు పెరుగుతున్నాయి, చూడాల్సింది అదే" అంటాడు. ఎదుటి సీటావిడ "ఇక రిసెషనే" అంటుంది. ఇద్దరూ చూపించేది ఒకే పేజీ!

ఇంకో సందేహం. మా వదినకి గ్రీన్‌కార్డు ఉంది. జూన్‌లో కాంట్రాక్టు పోయింది. సెప్టెంబరు దాకా రోజూ అప్లై చేసింది, తర్వాత విసుగొచ్చి మానేసి ఏదో కోర్సులో చేరింది. ఆవిడ ఈ 4.6లో ఉన్నట్టా, లేనట్టా? మాకైతే ఇన్నేళ్లలో ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. వీళ్లు ఎవర్ని అడిగి ఈ లెక్కలు రాస్తున్నారు? పార్టీల గొడవ లేకుండా ఎవరైనా చెప్పండి.

సందేహాలరావు:

పార్టీల గొడవ లేకుండా ఈ లెక్క గురించి మాట్లాడటం కుదరదు బాబూ. ఒక్కటి చెబుతాను. 2025 మార్చితో ముగిసిన ఏడాదికి ఇన్ని ఉద్యోగాలు వచ్చాయని నెలనెలా డప్పు కొట్టారా? తీరా మొన్న సెప్టెంబరులో, అందులో 9 లక్షల 11 వేలు లేవు పొమ్మన్నారు. తొమ్మిది లక్షలు! అంతకుముందు ఏడాది కూడా ఇదే వరస, 8 లక్షల 18 వేలన్నారు. ఆ దెబ్బతో నేను ఈ రిపోర్టు చూడటం మానేశాను. మీరూ మానేయండి, బీపీ తగ్గుతుంది.

జీతాలక్క:

రావుగారూ, మీ తొమ్మిది లక్షల దగ్గరికి వస్తాను. ముందు బాబు అడిగింది చెప్పనివ్వండి. నేను ఒహాయోలో ఒక గోదాముల కంపెనీలో పేరోల్, అంటే జీతాల లెక్కలు, చూస్తాను. ఈ రిపోర్టు కోసం చేసే సర్వేకి మా కంపెనీ ఎంపికైంది. నెలనెలా ఆ ఫారం నింపేది నేనే. అందుకే ఎవరైనా "అంకెలు వైట్‌హౌస్‌లో వండుతారు" అంటే నాకు నవ్వొస్తుంది. వండటానికి కావాల్సిన కూరగాయలు తరిగేది మాలాంటి వాళ్లం, అదీ ఆలస్యంగా.

రిపోర్టు ఒకటే గానీ సర్వేలు రెండు. ఒకటి ఇళ్లది. నెలకు సుమారు 60 వేల ఇళ్లను ఎంచుకుని సెన్సస్ బ్యూరో వాళ్లు అడుగుతారు. ఎంపికైన ఇంటిని వరుసగా నాలుగు నెలలు అడిగి, ఎనిమిది నెలలు వదిలేసి, మళ్లీ నాలుగు నెలలు అడుగుతారు. ఇంత పెద్ద దేశంలో 60 వేల ఇళ్లంటే మీకు ఫోన్ రాకపోవడంలో వింతేం లేదు. నిరుద్యోగ శాతం ఇక్కడి నుంచే వస్తుంది. రెండోది కంపెనీలది. లక్షా ఇరవై వేలకు పైగా కంపెనీలు, ప్రభుత్వ ఆఫీసులు పంపే లెక్కతో తయారవుతుంది. ఆ 64 వేలు అందులోది. రెండు వేర్వేరు చోట్ల అడిగిన రెండు వేర్వేరు ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకదానికొకటి పొసగాలని రూలేం లేదు.

మా ఫారంలో ప్రశ్నలు చాలా చిన్నవి. జీతం లెక్కగట్టే కాలాన్ని పే పీరియడ్ అంటాం. 12వ తేదీ ఏ పే పీరియడ్‌లో పడిందో, ఆ పీరియడ్‌లో ఎంతమందికి జీతం ఇచ్చారు? అందులో ఆడవాళ్లెందరు, సూపర్‌వైజర్లు కానివాళ్లెందరు, ఎన్ని గంటలు పనిచేశారు, మొత్తం ఎంత చెల్లించారు? దాదాపు అంతే. ఏ వీసా, ఏ దేశం అని అడగరు. ఒకే మనిషి పగలు మా దగ్గర, రాత్రి ఇంకోచోట పనిచేస్తే ఈ లెక్కలో రెండు ఉద్యోగాలు. సొంతంగా టాక్సీ నడుపుకునేవాడు ఇందులో అసలు కనిపించడు. మా గోదాములో ఏజెన్సీ తరఫున పెట్టెలు మోసేవాళ్లు మా లెక్కలోకి రారు, ఏజెన్సీ లెక్కలోకి వెళతారు. అదే ఇళ్ల సర్వేలో అయితే మనిషికి ఒకటే లెక్క, టాక్సీ ఆయన కూడా ఉద్యోగే.

ఇక మీ వదిన సంగతి. ఉద్యోగం లేకపోవాలి, వస్తే చేరడానికి సిద్ధంగా ఉండాలి, గత నాలుగు వారాల్లో గట్టిగా వెతికి ఉండాలి. మామూలుగా అప్పుడే నిరుద్యోగి. ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి తీసుకుంటున్నారా లేదా అన్నదానితో సంబంధం లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీ వదిన జూలైలో నిరుద్యోగి. ఇప్పుడు కాదు. అసలు పనిచేసేవాళ్లూ వెతికేవాళ్లూ కలిసిన లేబర్ ఫోర్స్‌లోనే లేరు. అంటే ఆవిడలాంటి వాళ్లు ఆశ వదులుకుంటే శాతం తగ్గుతుంది, మళ్లీ ఆశపడి అప్లై చేస్తే పెరుగుతుంది! మీరడిగిన తిరకాసుకి ఒక జవాబు ఇదే. ఉద్యోగాలు కొన్ని పెరిగినా, వెతికేవాళ్లు అంతకంటే ఎక్కువ పెరిగితే శాతం ఎక్కుతుంది. అందుకే ఆ శాతంతో పాటు, పనిచేసేవాళ్లూ వెతికేవాళ్లూ కలిపి పదహారేళ్లు నిండిన జనాభాలో ఎంత శాతమో చెప్పే పార్టిసిపేషన్ రేటు కూడా చూడాలి. 2000 మొదట్లో అది 67 దాటింది, ఇప్పుడు 62, 63 మధ్య ఉంది. ఆ తగ్గుదలలో పెద్ద భాగం జనం రిటైరవడం వల్లే గానీ, ఎన్నికల ప్రసంగాల్లో ఆ ముక్క ఎవరూ చెప్పరు.

అక్టోబరు ఖాళీ గడి కథ నాకు బాగా తెలుసు. అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా బడ్జెట్ ఆమోదం పొందక ప్రభుత్వం మూతపడింది కదా. తెరుచుకున్నాక కూడా కంపెనీల అక్టోబరు లెక్క తెప్పించుకోవచ్చు. మా రిజిస్టర్లు ఎక్కడికీ పోవు, ఎప్పుడడిగినా అదే అంకె ఇస్తాం. ఇళ్ల సంగతి అలా కాదు. "అక్టోబరు 12 ఉన్న వారంలో మీరు ఉద్యోగం వెతికారా, ఎన్ని గంటలు పనిచేశారు" అని నవంబరు చివర్లో అడిగితే ఎవరికి గుర్తుంటుంది? అందుకే వదిలేశారు. 1948 నుంచి ఈ శాతం లేకుండా పోయిన మొదటి నెల ఇది. ఒక రకంగా ఆ ఖాళీ నాకు నచ్చింది. వండేవాళ్లయితే ఏదో ఒక అంకె పడేసేవాళ్లు.

మీ పక్క సీటాయన చెప్పిందాంట్లోనూ నిజం ఉంది. అక్టోబరులో మొత్తం మీద లక్షా అయిదు వేల ఉద్యోగాలు తగ్గాయి, కానీ ఒక్క ఫెడరల్ ప్రభుత్వంలోనే లక్షా 62 వేలు పోయాయి. జీతం తీసుకుంటూనే రాజీనామాకి ఒప్పుకున్నవాళ్ల జీతాలు సెప్టెంబరు 30తో ఆగిపోయాయి మరి. జీతం ఆగేదాకా వాళ్లు మా భాషలో ఉద్యోగులే. అయితే నవంబరులో పెరిగిన 64 వేలల్లో 46 వేలు ఒక్క హెల్త్‌కేర్‌వే. అది మీ ఎదుటి సీటావిడ చెప్పాల్సిన పాయింటు.

సందేహాలరావు:

అక్కా, అంతా బాగానే ఉంది. నా తొమ్మిది లక్షలేవి?

జీతాలక్క:

వస్తున్నా. మా కంపెనీలో నెలకి రెండుసార్లు జీతాలు. 12వ తేదీ ఉన్న పీరియడ్ 15న ముగుస్తుంది. ఓవర్‌టైమ్ తగాదాలు తేల్చి, సెలవులు సరిచూసి, పుస్తకం మూసేసరికి 22, 23 అవుతుంది. రిపోర్టేమో మామూలుగా మరుసటి నెల మొదటి శుక్రవారం పొద్దున 8:30కి బయటికి రావాలి. కొన్ని నెలల్లో మా కాగితం మొదటి గడువుకి అందదు. అందినవాళ్ల లెక్కతో మొదటి అంకె ఇస్తారు. మాలాంటి వాళ్లవి చేరాక రెండోసారి, మూడోసారి సరిచేస్తారు. ఆ తర్వాత ఏడాదికోసారి, దాదాపు ప్రతి యజమానీ నిరుద్యోగ బీమా పన్ను కోసం రాష్ట్రానికి కట్టే లెక్కలతో మొత్తం సరిపోలుస్తారు. దేశంలో 95 శాతానికి పైగా ఉద్యోగాలు అందులో ఉంటాయి. కొత్తగా పుట్టిన కంపెనీలు, మూతపడ్డవి సర్వేకి చిక్కవు కాబట్టి అక్కడ అంచనా వేస్తారు, ఆ అంచనా గతి తప్పిన ఏడాది తేడా పెద్దదవుతుంది. మీ 9 లక్షల 11 వేలు అదే. అదీ ప్రాథమిక అంకె, తుది లెక్క 2026 ఫిబ్రవరిలో వస్తుంది. మొత్తం ఉద్యోగాల్లో అది 0.6 శాతం. చిన్నదని నేననను. ఫెడరల్ రిజర్వ్ అనే కేంద్ర బ్యాంకులో వడ్డీ నిర్ణయాలు తీసుకునేవాళ్లకు చాలా పెద్దదే. కానీ దాచిపెట్టింది బయటపడటం వేరు, ఆలస్యంగా తెలిసింది వాళ్లే చెప్పడం వేరు.

సందేహాలరావు:

మరి ఆగస్టులో ట్రంప్ ఆ బీఎల్ఎస్ కమిషనర్‌ని ఊరికే తీసేశాడా?

జీతాలక్క:

ఆగస్టు 1న జరిగింది ఇదీ. జూలైలో 73 వేల ఉద్యోగాలే వచ్చాయన్నారు. మే, జూన్ అంకెల్లోంచి కలిపి 2 లక్షల 58 వేలు కోసేశారు. కొన్ని గంటల్లోనే కమిషనర్ ఎరికా మెక్‌ఎంటార్ఫర్ ఉద్యోగం పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. 2024లో ఆవిడ నియామకం సెనేట్‌లో 86-8తో గెలిచింది, అప్పటి సెనేటర్, తర్వాత ట్రంప్ ఉపాధ్యక్షుడైన జేడీ వాన్స్ కూడా అనుకూలంగా ఓటేశాడు. ట్రంప్ మొదటి హయాంలో ఆ కుర్చీలో కూర్చున్న విలియం బీచ్ కూడా ఈ తొలగింపుకి ఆధారమే లేదన్నాడు. నాకు తెలిసినంతలో కమిషనర్‌కి అంకె చేరేసరికి అది తయారైపోయి ఉంటుంది, ఆవిడ వేలు పెట్టే సందు ఉండదు.

ఇంకోటి. నన్ను ఫారం నింపమని కేంద్రం బలవంతపెట్టదు, ఇష్టమైతేనే. ఇళ్ల సర్వేకి ఒకప్పుడు పదింట తొమ్మిది ఇళ్లు జవాబిచ్చేవి, ఇప్పుడు ఏడు కూడా ఇవ్వడం లేదు. "అంతా బూటకం" అని పెద్దవాళ్లే అంటుంటే తలుపు తీసేవాళ్లు ఇంకా తగ్గుతారు. అప్పుడు సవరణలు ఇంకా పెరుగుతాయి, మీ అనుమానమూ పెరుగుతుంది.

చరిత్ర_పిచ్చోడు:

ఇది ట్రంప్‌తో మొదలైన జబ్బు కాదు, ఒక్క పార్టీదీ కాదు. 1971లో అధ్యక్షుడు నిక్సన్‌కి బీఎల్ఎస్ అధికారులు పత్రికలకి అంకెలు వివరించే తీరు నచ్చక ఆ సమావేశాలే ఆపించాడు. 2012 అక్టోబరులో శాతం 7.8కి దిగితే, జనరల్ ఎలక్ట్రిక్ మాజీ అధిపతి జాక్ వెల్చ్, ఒబామా మనుషులు అంకెలు మార్చేశారన్నట్టు ట్వీట్ చేశాడు. 2017 మార్చిలో అయితే నవ్వొస్తుంది. అంతకుముందు ఏడాదంతా బూటకమన్న అంకె బాగా వచ్చేసరికి, అప్పట్లో బూటకమేమో గానీ ఇప్పుడు మాత్రం నిజమని ట్రంప్ మాటగా ఆయన ప్రతినిధి షాన్ స్పైసర్ చెప్పాడు. విలేకరులంతా నవ్వేశారు.

ఓట్ల విషయానికొస్తే, శాతం ఎంత ఉందన్నది కాదు, ఎటు పోతోందన్నది ముఖ్యం. 1982 చివర్లో 10.8 శాతం. ఆ నవంబరులో అధ్యక్షుడు రీగన్ పార్టీ ప్రతినిధుల సభలో 26 సీట్లు పోగొట్టుకుంది. రెండేళ్ల తర్వాత ఇంకా 7 పైనే ఉన్నా రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు, ఎందుకంటే దిగుతోంది. పెద్ద బుష్‌కి 1992 జూన్‌లో 7.8కి ఎక్కింది, ఎన్నికల్లో ఓడి ఇంటికెళ్లాడు. అప్పటికి రిసెషన్ ముగిసి ఏడాది దాటింది కూడా! 2024లో 4.1 ఉండి కూడా హారిస్ ఓడిపోయింది. అక్కడ ధరలు తినేశాయి.

ప్లేనో_బాబు:

అక్కా, చాలా థాంక్స్. ఇక మీదట నెలనెలా ఆఫీసులో యుద్ధం మొదలైనప్పుడు నేను చూడాల్సింది ఏంటి? 2026 నవంబరులో, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో కాంగ్రెస్‌కి జరిగే మిడ్‌టర్మ్ ఎన్నికలు కూడా ఉన్నాయి కదా, అప్పటిదాకా ఇదే గోల.

జీతాలక్క:

ఒక నెల అంకె మీద ఎవరితోనూ పందెం కాయొద్దు. ఉద్యోగాల సంఖ్యలో లక్ష పైన అటూ ఇటూ తేడా సర్వేలో సహజంగా ఉండేదే, కాబట్టి 64 వేలు అంటే సున్నా కూడా కావచ్చు. శాతంలో 0.1 తేడా అయితే పట్టించుకోవద్దు. మూడు నెలల సగటు తీసుకోండి, పాత నెలల సవరణలు పైకా కిందకా అన్నది చూడండి. నాకు కొత్త అంకె కంటే ఆ సవరణ లైనే ముఖ్యం. వరసగా కిందకే సవరిస్తుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఇప్పుడు అలాగే ఉంది. సెప్టెంబరులో 4.4, నవంబరులో 4.6. మధ్యలో గడి లేదు, పైగా మూతపడ్డ దెబ్బకి నవంబరు సర్వే కూడా మామూలుగా జరగలేదు. కాబట్టి రిసెషన్ అని నేను అనను, బాగుంది అని కూడా అనను.

మామూలుగా మా గోదాములో క్రిస్మస్‌కి తీసుకున్నవాళ్లని జనవరిలో పంపించేస్తాం. ప్రతి ఏడూ జరిగేదే గనక సీజనల్ సర్దుబాటులో (ఏటా వచ్చే హెచ్చుతగ్గులను లెక్కలోంచి తీసేయడంలో) అది కొట్టుకుపోతుంది. కానీ ఈసారి తీసుకున్నదే తక్కువ. అలాంటప్పుడు పంపించేవాళ్లూ తక్కువే ఉంటారు, జనవరి లెక్కలో అదేదో ఉద్యోగాలు నిలబడ్డట్టు కనిపించొచ్చు. ఫిబ్రవరిలో ఎవరైనా చంకలు గుద్దుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. డిసెంబరు రిపోర్టు 2026 జనవరి 9, శుక్రవారం.

ప్లేనో_బాబు:

మా వదినకి ఇదంతా చదివి వినిపించాను. "అంటే నన్ను లెక్కలోంచే తీసేశారా" అని కోప్పడింది. జనవరి నుంచి పిల్లలకి లెక్కల ట్యూషన్లు మొదలుపెడుతుందట, వారానికి రెండు గంటలు. అప్పుడు ఆవిడ ఏ ఖాతాలోకి వస్తుంది?

జీతాలక్క:

12వ తేదీ ఉన్న వారంలో ఒక్క గంట డబ్బు తీసుకుని చెప్పినా ఉద్యోగి కిందే లెక్క. ఫుల్‌టైమ్ కావాలనుకుంటూ అది దొరక్క రెండు గంటలతో సరిపెట్టుకున్నానని చెబితే, యూ-6 అనే ఇంకో పెద్ద శాతంలో కనిపిస్తారు. టీవీలో చెప్పే 4.6లో మాత్రం ఉండరు. ఇదంతా సెన్సస్ వాళ్లు ఆవిడ తలుపు తడితేనే లెండి!