ముప్పై రెండు మంది ఆడవాళ్లం పార్టీ బస్సు మాట్లాడుకుంటే తప్పా?

కాశీనగరం కోడలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పొదుపు సంఘానికి ఈ కార్తీకంతో ఇరవై ఏళ్లు నిండుతాయి. ముప్పై రెండు మందిమి. ఏటా మహేంద్రతనయ నది ఒడ్డున వనభోజనాలు చేసుకుంటాం. ఈసారి గోపాల్‌పూర్ వెళ్లి సముద్రం చూద్దామని అందరం అనుకున్నాం. మాలో తొమ్మిది మంది ఇప్పటివరకు సముద్రమే చూడలేదు.

చిన్నవాళ్లు విశాఖ నుంచి పార్టీ బస్సు తెప్పిద్దామన్నారు. రంగు దీపాలు, పాటలు, గోడల వెంట సోఫాలు, మధ్యలో నాట్యమాడుకోవడానికి ఖాళీ స్థలం ఉంటాయట. రోజుకు 46,000 అడుగుతున్నారు. మామూలు టూరిస్టు బస్సు 24,000కు వస్తుంది. బ్యాంకు అప్పు గానీ సంఘం నిధి గానీ ఒక్క రూపాయి ముట్టుకోలేదు. పదిహేను నెలలుగా తలా నెలకు వంద చొప్పున విడిగా దాచిన 48,000 మా దగ్గర ఉంది.

ఈ మాట బయటికి పొక్కిన నాటి నుంచి వీధిలో తలెత్తుకుని నడవనివ్వడం లేదు. ఒక బంధువు ఇంటికి వచ్చి, "ఆడవాళ్లు బస్సులో గంతులు వేస్తూ ఊరు దాటితే మా పరువేం కావాలి?" అని అడిగి వెళ్లారు. మీరు ఏమంటారో దాచకుండా చెప్పండి.

పాత మాస్టారు

అమ్మా, నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. మీ సంఘంలో నా శిష్యురాళ్లు కూడా ఉండి ఉంటారు. కోపం తెచ్చుకోకుండా వినండి.

వనభోజనం అంటే ఉసిరిచెట్టు నీడ, అందరూ కలిసి వండుకోవడం, దీపం పెట్టుకోవడం. కార్తీకంలో మన పక్కింటి ఒడియా ఆడవాళ్లు ఎంత నిష్ఠగా ఉంటారో మీకు తెలుసు. ఆ నెలలోనే చెవులు చిల్లులు పడే పాటలు, దీపాల హంగు ఎందుకు? రెండు బస్సుల అద్దెకు మధ్య తేడా ఇరవై రెండు వేలు. ఆ డబ్బుతో ఒక ఆడపిల్లకు కాలేజీ ఫీజు కట్టవచ్చు. సరదాకు నేను అడ్డు చెప్పడం లేదు, నగరాల నుంచి అద్దెకు తెచ్చుకునే సరదా వద్దంటున్నాను.

బరంపురం విద్యార్థిని

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు వస్తే డీజే బండి ముందు నడిరోడ్డు మీద మగవాళ్లు అర్ధరాత్రి దాకా ఆడతారు. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడుస్పీకరు వాడకూడదని వాటిలో ఉంది. ఆ ఊరేగింపును ఆపి, కార్తీకమా మాఘమా అని ఎవరైనా అడిగారా? ఆ ఖర్చుతో ఎంతమంది ఫీజులు కట్టవచ్చో లెక్క వేశారా? మా అమ్మ ప్రతి పెళ్లిలోనూ అరుగు మీద నిలబడి చూసింది. కాలు కదపాలని ఉన్నా కదపలేదు. నలుగురి కళ్లు పడని చోట, తనవాళ్ల మధ్య ఒక్కరోజు ఆడుకోవడానికి ఒక బస్సు దొరికితే అది ఆమెకు అరుగు దిగడమే.

పలాస డ్రైవరు

పరువు సంగతి మీరు తేల్చుకోండి. ఇరవై రెండేళ్లుగా టూరిస్టు బస్సులు నడుపుతున్నాను కాబట్టి బండి గురించి చెబుతాను.

పార్టీ బస్సు కంపెనీ నుంచి అలా రాదు. మామూలు బస్సులో సీట్లు పీకి, సోఫాలు బిగించి, దీపాలు, స్పీకర్లు పెడతారు. రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. రవాణా అధికారుల అనుమతితో మార్చినవి కొన్ని ఉంటాయి, లేనివి కూడా రోడ్డు మీద తిరుగుతున్నాయి. పుస్తకంలో ఇరవై సీట్లు రాసి ఉన్న బండిలో ముప్పై రెండు మంది ఎక్కితే, మించిన ప్రతి మనిషికీ 200 జరిమానా. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఎక్కువైన వాళ్లను దింపి వేరే బండి ఏర్పాటు చేసేదాకా మీ బండిని కదలనివ్వరు. పిల్లలతో, గిన్నెలతో హైవే మీద నిలబడతారు.

ఇక ఆట. గంటకు నలభై కిలోమీటర్ల వేగమంటే బండి సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది. ఆవు అడ్డం వచ్చి నేను బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, నిలబడి ఆడుతున్న మనిషి మాత్రం అదే వేగంతో ముందుకు వస్తుంది. పక్కకు ముఖం పెట్టి కూర్చునే సోఫాలో పట్టుకోవడానికి ముందు సీటు వీపు కూడా ఉండదు. మీవాళ్లు మోహన మీదుగా తప్తపాణి ఘాటు రోడ్డులో వెళ్దామంటే అసలు ఒప్పుకోవద్దు. ఆ మలుపుల్లో కూర్చున్నవాళ్లే ఒకరి మీద ఒకరు పడతారు. ఆ దారిలోనే దిగపహండి దగ్గర 2023 జూన్‌లో పెళ్లివారి బస్సు, ప్రభుత్వ బస్సు ఢీకొని పదిమందికి పైగా పోయారు. ప్రమాదానికి ఆటే కావాలని లేదు. రాత్రి, రోడ్డు, అలసట కలిస్తే చాలు.

జయపురం నుంచి

డ్రైవరు గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా అన్నయ్య కూతురి పెళ్లికి ఇలాంటి బస్సే మాట్లాడాం. ఘాటు దిగుతుండగా మా చిన్నమ్మ జారి ఇనుప కడ్డీకి తగిలి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమె నాట్యం కూడా చేయలేదు, మనవడికి నీళ్లసీసా ఇవ్వడానికి లేచింది. పెళ్లి ఫోటోలన్నిటిలోనూ చేతికి కట్టుతో ఉంటుంది.

కాశీనగరం కోడలు

మాస్టారూ, మీ మాటకు జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మన జిల్లా ఎంత దెబ్బతిన్నదో చూశారు. కరెంటు లేదు, దారుల నిండా చెట్లు. మా సంఘం వాళ్లం నాలుగు రోజులు బడి వరండాలో పొయ్యిలు పెట్టి వండాం. తడిసిన కట్టెలు మండక కళ్లు వాచిపోయాయి. రాత్రి పదకొండింటికి కూడా మగవాళ్ల మధ్య నిలబడి గంజి పోశాం. ఆడవాళ్లకు ఇది తగునా అని అప్పుడు ఒక్కరూ అడగలేదు.

ఫీజుల సంగతి అన్నారు. గత నాలుగేళ్లలో మా సంఘం ముగ్గురు పిల్లల చదువుకు వడ్డీ లేకుండా డబ్బు సర్దింది. అది వేరే నిధి, ఇది వేరే. ఈ డబ్బు సరదా కోసమనే దాచుకున్నాం. ఒక్క రోజు మా కోసం మేము ఖర్చు పెట్టుకోవడానికి లెక్క చెప్పాలా మాస్టారూ?

డ్రైవరు గారూ, మీకు మాత్రం ఎదురు చెప్పలేను. బండిని ఎలా పరీక్షించాలో చెప్పండి.

పలాస డ్రైవరు

చెల్లీ, ఫోనులో ఫోటోలు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. ఒకరిని పంపి పగటిపూట బండి చూడండి. రిజిస్ట్రేషను పుస్తకంలో సీట్ల సంఖ్య చూడండి. ఫిట్‌నెస్, బీమా తేదీలు దాటి ఉండకూడదు. బండి ఆంధ్రది కాబట్టి ఒడిశాలో తిరగడానికి అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉందో లేదో అడగండి. ఉంటే, ప్రయాణికుల జాబితా బండిలో ఉండాలి. అది మీరే రాసి ఇవ్వండి.

తర్వాత అత్యవసర ద్వారం. నేను చూసిన మూడు పార్టీ బస్సుల్లో రెండింటికి ఆ తలుపుకు అడ్డంగా స్పీకర్లు ఉన్నాయి. దాన్ని మీ చేత్తో తెరిచి చూడండి. అద్దం పగలగొట్టే సుత్తి, మంటలార్పే సిలిండరు ఎక్కడున్నాయో చూడండి. దీపాల వైర్లు టేపు చుట్టి బయటికి వేలాడుతుంటే ఆ బండి వద్దు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు తగలబడినప్పుడు లోపలివాళ్లలో చాలామందికి బయటపడే వ్యవధే దొరకలేదు. ఆ వార్త చదివిన రోజు నేను నా బండి కిటికీలన్నీ దిగి మళ్లీ చూసుకున్నాను.

బరంపురం విద్యార్థిని

అయితే ఆట మానేయాలా? ఆ బస్సు తీసుకునేదే అందుకు కదా.

పలాస డ్రైవరు

మానేయమని నేను అనలేదమ్మా. బండి ఆగి ఉన్నప్పుడు ఆడుకోండి. పలాస, ఇచ్ఛాపురం మీదుగా పెద్ద రోడ్డులో వెళ్లండి, దారిలో లోపలికి జీడితోటలు ఉన్నాయి. యజమానిని ముందే అడిగి ఒక తోటలో బండి పెట్టించుకుంటే గంటో రెండు గంటలో మీ ఇష్టం, చూసేవాళ్లూ ఉండరు. కదిలే బండిలో మాత్రం నిలబడవద్దు. గోపాల్‌పూర్‌లో లోతుకు దిగకండి, అక్కడి అలలు లాగేస్తాయి. డ్రైవరుకు భోజనం పెట్టి ఒక గంట పడుకోనివ్వండి. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

పాత మాస్టారు

అమ్మా, తిత్లీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ గంజి నేనూ తాగాను. లెక్క అడిగింది తప్పే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాటల మోత మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఊరి గుడి దాటేదాకా, ఆసుపత్రి దాటేదాకా తగ్గించి పెట్టుకోండి. అంతకు మించి అడగను.

కాశీనగరం కోడలు

నిన్న రాత్రి అందరం కూర్చున్నాం. విశాఖ బస్సువాళ్లను పుస్తకం ఫోటో పంపమంటే ఇరవై నాలుగు సీట్లని తేలింది. "ఎవరూ పట్టించుకోరు, ఎక్కండి" అన్నారు. ఆ మాటతోనే ఆ బస్సు వద్దనుకున్నాం. చిన్నవాళ్లు చాలా బాధపడ్డారు, ఒకమ్మాయి లేచి వెళ్లిపోయింది కూడా.

నలభై సీట్ల టూరిస్టు బస్సు మాట్లాడాం, 24,000. బంతిపూల దండలు మేమే కడతాం. మిగిలిన డబ్బులో పలాస దగ్గర తోటకు, ఒక మంచి స్పీకరుకు, నీడకు షామియానాకు కొంత తీశాం. వెళ్లిపోయిన అమ్మాయికే పాటలు ఎంచే పని అప్పగించాం. పొద్దున తిరిగి వచ్చి జాబితా ఇచ్చింది, అందులో మా అత్తగారు అడిగిన రెండు పాటలు కూడా ఉన్నాయి. ఆమెకు డెబ్బై ఒకటి. సముద్రం చూడని తొమ్మిది మందిలో ఆమె ఒకరు.

ఆ బంధువు మళ్లీ వచ్చారు. వెళ్తున్నాం అని చెప్పాను. ఆదివారం ఉదయం అయిదింటికి బయలుదేరుతాం. మాస్టారూ, గుడి దాటేదాకా పాటలు పెట్టం.