లెక్క మొత్తం చేసిపెట్టాలా, ఆగిన చోట అందుకుంటే చాలా?

లంకల_మాస్టారు
డిగ్రీ పిల్లలు ఫిజిక్సు, మ్యాథ్సు లెక్కలు ఆన్‌లైన్లో అడుగుతున్నారు. మనం చేసి పెట్టేస్తున్నాం. ఇది మంచిదేనా అని నాకు గట్టి అనుమానం. అందరూ మీ మాట చెప్పండి.

మొన్నటి సంగతే చూడండి. బీఎస్సీ రెండో ఏడు కుర్రాడొకడు ఈ లెక్క పెట్టాడు: కాలవ లాకు గేటు వెడల్పు 4 మీటర్లు, ఒక పక్క 3 మీటర్ల లోతు నీళ్ళు, రెండో పక్క ఖాళీ. గేటు మీద నీళ్ళ తోపుడు బలం ఎంత? కింద, “రేపు అసైన్‌మెంట్ ఇవ్వాలండి, సొల్యూషన్ పెట్టండి ప్లీజ్” అని రాశాడు. కాసేపటికే ఎవరో మొత్తం చేసి ఫోటో పెట్టేశారు. కుర్రాడు దండం బొమ్మ పెట్టి వెళ్ళిపోయాడు.

వాడికి అసైన్‌మెంట్ మార్కు వచ్చుంటుంది. సెమిస్టరు పరీక్షలో గేటు బదులు ఆనకట్ట గోడ ఇస్తే ఏం చేస్తాడు? ఎక్కడిదాకా చేశావో చూపించు అని అడగకుండా సాయం చెయ్యకూడదని నా వాదన.

కాకినాడ_ఇంజినీరు
ఆ ఫోటో పెట్టింది నేనేనండి. పెట్టినందుకు నాకేం బాధ లేదు.

మాస్టారూ, కొత్తగా నేర్చుకునేవాడికి “ఆలోచించు, ఆలోచించు” అంటే వాడు ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు. చేసి చూపించిన లెక్కలు చదివిన పిల్లలు, సొంతంగా కుస్తీ పట్టిన పిల్లల కన్నా త్వరగా నేర్చుకుంటారని స్వెల్లర్, కూపర్ అనే ఇద్దరు 1985లోనే ఆల్జీబ్రా మీద పరిశోధన చేసి చూపించారు. మనం నేర్చుకున్నదీ అలాగే కదా? బోర్డు మీద మాస్టారు చేస్తుంటే చూసి, ఇంటికెళ్ళి అలాంటిదే ఇంకోటి చేశాం.

ఇంకో మాట. ఇంటర్ దాకా వీధికో కోచింగ్ ఉంటుంది, ఈఏపీసెట్ కోసం. డిగ్రీలో చేరిన పిల్లాడికి ట్యూషన్ చెప్పేవాడు మన ఊళ్ళల్లో ఎక్కడున్నాడు? భీమవరంలోనో రాజమండ్రిలోనో వెతికినా దొరకడం కష్టం. అలాంటివాడు అడిగితే షరతులు పెట్టబుద్ధి కాదు నాకు.

రాజోలు_బీఎస్సీ
ఇంజినీరు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా కాలేజీలో ఫిజిక్సుకి గెస్ట్ లెక్చరర్ ఒక్కరే. ఆయన చాలా మంచివారు, కానీ మూడు సంవత్సరాల పిల్లలకీ ఆయనే చెప్పాలి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అయిపోయింది కదండీ. లెక్క రాక కాదు, ప్రశ్న ఏమడుగుతోందో తెలుసుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది.

మాస్టారు గారూ, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ “నువ్వేం ప్రయత్నించావు?” అని అడిగే తీరు కొన్నిచోట్ల ఎలా ఉంటుందంటే, దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఉంటుంది. నేనొకసారి ఒక ఇంగ్లీషు వేదికలో అడిగాను. జవాబు రాలేదు సరికదా, ప్రశ్నే మూసేశారు. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. ఆడపిల్లలం రాత్రి పూట ఎవరింటికో వెళ్ళి అడగలేం. ఫోనులో అడగడమే మాకున్న దారి.

లంకల_మాస్టారు
అమ్మా, నువ్వు చెప్పింది నా మనసుకి తగిలింది. అడిగే తీరు మార్చుకోవాలి, ఒప్పుకుంటాను. అడగడం మాత్రం మానకూడదు. ఆ కుర్రాడు ఇక్కడే ఉంటే ఒక్కసారి రమ్మనండి. బాబూ, నిన్నేమీ అనను. ఆ ఫోటో చూశాక లెక్క అర్థమైందా?

లాకుల_కుర్రాడు
ఉన్నానండి. మాది ఆత్రేయపురం వైపు. రోజూ లొల్ల లాకుల మీదుగానే వెళ్తాను, అందుకే ఈ లెక్క చెయ్యాలనిపించింది. నిజానికి ఫోటో పెట్టకముందే నేను చేశానండి. అడుగున పీడనం అంటే నీటి సాంద్రత × గురుత్వ త్వరణం × లోతు, 1000 × 9.8 × 3, అంటే 29,400 పాస్కల్‌లు. గేటు వైశాల్యం 12 చదరపు మీటర్లు. గుణిస్తే 3,52,800 న్యూటన్లు వచ్చింది. ఫోటోలో 1,76,400 ఉంది. సరిగ్గా సగం. ఫోటోలో ఉన్నదే దించి ఇచ్చేశాను. ఎందుకు సగమో ఇప్పటికీ తెలియదండి.

పాలకొల్లు_లెక్కల_మేడమ్
ఇదిగో, ఇది మొదటే రాసి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు నాన్నా. నీ అంకెల్లో తప్పు లేదు. నువ్వు అడుగున ఉన్న పీడనాన్ని గేటు మొత్తానికీ వేశావు. నీటిమట్టం దగ్గర గేటు మీద పీడనం ఎంత? సున్నా. మరి అక్కడ కూడా 29,400 ఎందుకు వేశావు?

గేటుని అడ్డంగా సన్నటి పట్టీలుగా కోసినట్టు ఊహించుకో. పై నుంచి y లోతులో dy మందం పట్టీ ఒకటి. అక్కడ పీడనం 9,800y. పట్టీ వైశాల్యం 4dy. దాని మీద బలం 39,200y dy. దీన్ని 0 నుంచి 3 దాకా సమాకలనం (ఇంటిగ్రేషన్) చెయ్యి. 39,200 × 9/2. వచ్చిందా 1,76,400? అంటే సుమారు 18 టన్నుల బరువుతో సమానం. పీడనం లోతుతో పాటు సమంగా పెరుగుతుంది కాబట్టి సగటు పీడనం అడుగు పీడనంలో సగం. నీకు రెట్టింపు రావడానికి అదే కారణం.

ఇంజినీరు గారూ, మీ ఫోటోలో ఈ సమాకలనం ఉంది. కానీ కుర్రాడి అనుమానం దాని మీద కాదు, తన జవాబు ఎందుకు తప్పని. అది మీకు తెలిసే వీలే లేదు, వాడు చూపించలేదు కాబట్టి. అందుకే మాస్టారి వైపే నేను.

కాకినాడ_ఇంజినీరు
మేడమ్ గారూ, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. మిగతాదానిలో కాదు. అసలు మొదలే పెట్టలేని పిల్లలు ఉంటారు. వాళ్ళకి చూపించడానికి సగం లెక్క కూడా ఉండదు. వాళ్ళనేం చేద్దాం?

నా ప్రతిపాదన ఇది. అడిగిన లెక్క చెయ్యను. దాని తోబుట్టువు లాంటి లెక్క ఒకటి మొదటి నుంచి చివరిదాకా, ప్రతి మెట్టుకీ కారణం రాసి చేసి పెడతాను. గేటు అడిగితే ట్యాంకు గోడ చేస్తాను. అసైన్‌మెంటుకి దించుకోవడానికి పనికిరాదు, నేర్చుకోవడానికి పనికొస్తుంది. చేసి చూపించిన లెక్క వాళ్ళకి దక్కాలన్నదే నా పట్టుదల.

బాబూ, ఇంకో విషయం. చాలా లాకు గేట్లకి అడ్డ దూలాలు కిందికి వెళ్ళేకొద్దీ దగ్గర దగ్గరగా వేస్తారు. నీళ్ళ తోపుడు కింద ఎక్కువ కాబట్టి. ఈసారి గేటు నీళ్ళ బయట కనిపించినప్పుడు గమనించు.

తణుకు_నాన్న
నేను మాస్టారిని కాను, ఇద్దరు పిల్లల తండ్రిని. మీరంతా ఇక్కడ వాదించుకుంటున్నారు గానీ, మా అబ్బాయి లెక్క ఫోటో తీసి ఏఐకి పెడితే క్షణాల్లో మొత్తం చేసిచ్చేస్తోంది. తెలుగులో అడిగినా చెబుతోంది. ఇక షరతులు పెట్టి ఉపయోగమేంటండీ? మీరు ఇవ్వకపోతే అది ఇస్తుంది.

పాలకొల్లు_లెక్కల_మేడమ్
అన్నగారూ, ఇస్తుంది. తప్పు చెప్పినా అదే ధీమాతో చెబుతుంది, అదే నా భయం. సరిచూసుకోవడం రాని పిల్లాడికి ఏది సరో ఏది తప్పో తేడా తెలియదు. మీ అబ్బాయి చేత ఒక పని చేయించండి. ముందు తను చేసిన కాగితం పెట్టి “ఇందులో మొదటి తప్పు ఏ వరుసలో ఉంది?” అని మాత్రమే అడగమనండి. జవాబొచ్చాక ప్రమాణాలు (యూనిట్లు) సరిపోయాయా, లోతు సున్నా చేస్తే బలం సున్నా అవుతోందా అని తనే చూసుకోవాలి. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ రాయాలన్నా, తర్వాత లెక్చరర్ అర్హతకో పరిశోధన ఫెలోషిప్‌కో సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలన్నా హాల్లోకి ఫోను రానివ్వరు. పాఠమే అర్థం కాకపోతే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు డబ్బు కట్టకుండానే చూడొచ్చు.

రాజోలు_బీఎస్సీ
మేడమ్ చెప్పిన ఆ ఒక్క ప్రశ్న నాకు బాగా నచ్చింది. మొదటి తప్పు ఎక్కడ అని అడగడానికి సిగ్గనిపించదు. తెలుగులో, తప్పుల ఇంగ్లీషులో, ఎలా రాసినా ఎవరూ వెక్కిరించకూడదని మాత్రం గట్టిగా నియమం పెట్టండి మాస్టారూ.

లాకుల_కుర్రాడు
ఇంకో అనుమానం అండి. లాకులో నిజంగా రెండు పక్కలా నీళ్ళుంటాయి కదా. ఒక పక్క 3 మీటర్లు, రెండో పక్క 1 మీటరు అనుకున్నాను. విడివిడిగా చేసి తీసేస్తే 1,76,400 − 19,600 = 1,56,800 వచ్చింది. మట్టాల తేడా 2 మీటర్లు కదా అని ఒకేసారి 2 పెట్టి చేస్తే 78,400 వచ్చింది. ఏది సరైనది? రెండోది ఎక్కడ చెడిందో పట్టుకోలేకపోయాను.

లంకల_మాస్టారు
ఇలా అడిగితే ఎంత సంతోషంగా ఉంటుందో! మొదటిదే సరైనది. రెండోది తప్పు కాదు, సగమే. గేటుని రెండు ముక్కలు చేసి చూడు. పైన 2 మీటర్లలో నీళ్ళు ఒక పక్కే ఉన్నాయి, నీ 78,400 అదే. కింది మీటరులో రెండు పక్కలా నీళ్ళున్నాయి. అక్కడ రెండు పక్కల పీడనాల తేడా లోతుతో మారుతుందా, మారదా? అది చూసి ఆ ముక్క మీద బలం నువ్వే కట్టు. అది అయ్యాక, మొత్తం బలం అడుగు నుంచి ఎంత ఎత్తులో పనిచేస్తుందో కూడా కనుక్కో.

లాకుల_కుర్రాడు
మారదండి! ఎక్కడ చూసినా 19,600 పాస్కల్‌లే. 4 చదరపు మీటర్లకి 78,400. రెండూ కలిపితే 1,56,800, సరిపోయింది. పై ముక్క బలం దాని అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే గేటు అడుగు నుంచి 1.67 మీటర్ల దగ్గర. కింది ముక్కది 0.5 దగ్గర. రెండు బలాలూ సమానం కాబట్టి సగటు తీశాను, 1.08 మీటర్లు వచ్చింది.

పాలకొల్లు_లెక్కల_మేడమ్
సరిగ్గా వచ్చింది. ఇప్పుడు గేటు నిలువుగా కాకుండా 60 డిగ్రీలు వాలి ఉంటే ఎంతో చెయ్యి. ఆగిపోతే, ఆగిన వరుస దాకా ఇక్కడ పెట్టు.