తీగ చెరిపేశాక అది ఇంకా ఫొటోయేనా?

కొండదారి: తెల్లవారుజామున చెరువు గట్టున తీసిన ఫొటో ఒకటి స్నేహితులకి చూపించాను. ఎడిటింగ్ పెద్దగా ఏమీ లేదు. ఒరిగిన హొరైజన్ సరిచేశాను, షాడోస్, అంటే చీకటి భాగాలు, కొంచెం లేపాను. ఆకాశానికి అడ్డంగా ఉన్న కరెంటు తీగనీ, ఒడ్డున పడున్న ప్లాస్టిక్ సీసానీ చెరిపేశాను. "ఇది నువ్వు చూసింది కాదు, చేసింది" అనేశాడొకడు. అప్పట్నుంచి మనసు తొలిచేస్తోంది. హద్దు ఎక్కడండీ?

పాతరీలు: ఆయన అన్నదే నిజం. కెమెరాలో పడింది పడ్డట్టు ఉంచాలి. ఫిల్మ్ రోజుల్లో ఈ గోలే లేదు.

నీలినీడ: లేకపోవడమేంటండీ! అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' చూడండి. తొలి ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బులతో ఉంటుంది. తర్వాతి వాటిలో దాదాపు నలుపే. నెగెటివ్ మాత్రం ఒకటే. డార్క్‌రూమ్‌లో చెయ్యి అడ్డంపెట్టి ప్రింట్‌లో ఒకచోట తేలిక చేసే డాడ్జింగ్, ఒకచోట ముదురు చేసే బర్నింగే ఇప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరిపే స్లైడర్లయ్యాయి. అసలు 'కెమెరాలో పడింది' అంటే ఏది? కెమెరా తనంతట తను రంగులు సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ సూర్యోదయపు ఎరుపుని తనే చల్లార్చేస్తుంది. ఫోనైతే కొన్ని ఫ్రేములు కలిపి ఒకటి వండి పెడుతుంది. సెన్సర్ పట్టిందంతా దాచే 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లుంటే, కెమెరా కుదించి ఇచ్చే మామూలు జేపెగ్ ఫొటోలో మిగిలేవి 256. ఏది ఉంచాలో సాఫ్ట్‌వేర్ రాసినవాడు తేలిస్తే నిజం, నేను తేలిస్తే అబద్ధమా?

పాతరీలు: సరే, వెలుగునీడల వరకు ఒప్పుకున్నాను. మరి తీగ సంగతి? 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు నిలువు కవర్‌లో పట్టించడానికి గీజా పిరమిడ్లని దగ్గరికి జరిపి ఎన్ని మాటలు పడ్డారు! చూడ్డానికి వెళ్లినవాడికి ఆ దృశ్యం దొరకదు. మీ చెరువూ అంతే.

గడ్డిపరక: సీసాని క్లిక్కుకి ముందే చేత్తో ఏరేసుంటే ఎవరూ అడిగేవారు కాదు. మెచ్చుకునేవారు కూడా.

నీలినీడ: అదీ మాట. మోసమంతా ఎడిటింగ్‌లోనే ఉంటుందనుకోకండి. 2009 వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో గెలిచింది గేటు దూకుతున్న తోడేలు ఫొటో. అది మచ్చికైన తోడేలే అయ్యుంటుందని తేల్చి 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అక్కడ స్లైడర్ల ఊసే లేదు.

ఈకలపుస్తకం: నా బాధంతా సాచురేషన్‌తోనే, రంగుల గాఢత పెంచడంతోనే. ఫొటో చూసి పిట్ట ఏ జాతో పోల్చుకునేవాళ్లం మేము. గోధుమరంగు రెక్కని నారింజ చేసి పెడితే ఏం చెప్పమంటారు?

కొండదారి: రాత్రి రా ఫైల్ మళ్లీ తెరిచాను. తీగ మీద చుక్కలాంటిదేదో ఉంటే 100 శాతానికి జూమ్ చేశాను. పిట్ట! తీగతో పాటు దాన్నీ తుడిచేశానన్నమాట. తీగ వెనక్కి వచ్చేసింది. సీసాని మాత్రం తిరిగి పెట్టను, పాతరీలు గారు ఎంత తిట్టినా సరే.

ఈకలపుస్తకం: ఆ పిట్ట క్రాప్ ఇక్కడ పెట్టండి. రంగులు ముట్టుకోకుండా.