మిక్సింగ్ వదిలి మాస్టరింగ్‌లోకి: రేటు, గది, లౌడ్‌నెస్ ఎలా?

ఫోక్_మిక్స్: ఫోక్ పాటలకి ప్రోగ్రామింగ్, మిక్సింగ్ చేస్తున్నా. ఇక మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటకి విడుదల ముందు చేసే చివరి మెరుగు) మీదే బతకాలని ఉంది. గది 10×10 అడుగులు. పాటకి ఎంత అడగాలి, ముందు ఏం కొనాలి, లౌడ్‌నెస్ ఎంత పెట్టాలి?

గోడచెవి: పది బై పదా? ఎత్తు కూడా పదే అయితే ఇంకేం కొనకు, గది మార్చు. మూడు కొలతలూ ఒకటే అయితే 56 హెర్ట్జ్ దగ్గర మూడు మోడ్లూ (గోడల మధ్య అల నిలిచిపోయే ఫ్రీక్వెన్సీలు) ఒకదాని మీద ఒకటి పడతాయి. నడిమధ్యలో కూర్చుంటే కిక్ అడుగు వినపడదు, మూలకెళ్తే మోత. బేస్ పెంచుకుంటూ పోతావు, కార్లో వింటే బూమ్ బూమ్. మార్చలేకపోతే మూలల్లో 4 అంగుళాల రాక్‌వుల్, వెనక 4 అంగుళాల ఖాళీ. 56కి అదీ అంతంత మాత్రమే, 100 పైన మాత్రం చక్కబడుతుంది. కిందిది హెడ్‌ఫోన్స్‌లో సరిచూసుకో. కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకు, ట్రెబుల్ చస్తుంది, బేస్ కదలదు.

లఫ్స్_లెక్క: స్పాటిఫై, యూట్యూబ్ రెండూ -14 లఫ్స్ (LUFS, పాట సగటు లౌడ్‌నెస్ కొలత). అంతే పెట్టు, ట్రూ పీక్ (సిగ్నల్ అసలు గరిష్ఠం) -1. ఎక్కువ కొడితే వాళ్లే తగ్గిస్తారు, పంచ్ పోవడం తప్ప ఒరిగేదేం లేదు.

డీజే_బాక్స్: గీ -14 ముచ్చట ఎవరు మొదలువెట్టిన్రో గని! బోనాల పాట పెన్‌డ్రైవ్‌ల ఏసి బాక్సుల కొడ్తరన్నా. ఆడ నార్మలైజేషన్, అంటే అన్ని పాటలు ఒక్క లౌడ్‌నెస్‌కు తెచ్చుడు, ఉండదు. ముందు పాట -7 ఉండి నీది -14 ఉంటే ఆపరేటర్ ఫేడర్ ముట్టడు, పాటనే మారుస్తడు.

లఫ్స్_లెక్క: అందుకని -7కి నలిపేస్తారా? ఐటీయూ 1770 (లౌడ్‌నెస్ కొలత ప్రమాణం) చదివారా అసలు?

డీజే_బాక్స్: సదివినం సార్. అండ్ల లౌడ్‌నెస్ కొలిచే పద్ధతే ఉంటది, గింతనే పెట్టుమని యాడ రాసిలేదు. మీరు సదివిన్రా?

టేపుకాలం: ఇద్దరూ మీటరు చూస్తున్నారు, పాట వినడం లేదు. టేపు నుంచి డీడీపీ (సీడీ ఫ్యాక్టరీకి పంపే మాస్టర్ ఫైల్) దాకా అన్నీ చేసినవాణ్ణి, వినండి. డప్పు పాట లౌడ్ కాకపోవడానికి కారణం సిటికెన పుల్ల (డప్పు కొట్టే సన్న పుల్ల) దెబ్బ. ఆ పీక్‌ని పట్టుకోబోయి లిమిటర్ (సిగ్నల్‌ని హద్దు దాటనివ్వని టూల్) గొంతుని కూడా నొక్కేస్తుంది. మిక్స్‌లోనే డప్పు బస్ (డప్పు ట్రాకులన్నీ కలిసే చానెల్) మీద, పీక్ కొన కోసేసే క్లిప్పర్‌తో 2, 3 డీబీ గొరగండి. మాస్టర్‌లో లిమిటర్ ఇంకో 2, 3 డీబీ తగ్గిస్తే చాలు. రిలీజ్ (లిమిటర్ నొక్కింది వదిలే సమయం) మరీ వేగంగా పెట్టకండి, బేస్‌లో ప్రతి సైకిల్‌కీ గెయిన్ ఊగి గరగరమంటుంది.

లఫ్స్_లెక్క: క్లిప్పింగా? మాస్టరింగ్ చేసేవాళ్ల నోట ఈ మాటా?

టేపుకాలం: అవును బాబూ. ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపుల్ రేటుతో పని చేయించడం) ఆన్ చేసి, విని మరీ.

పాట_హక్కు: మీ గోల మీరు పడండి, అతను బతకడం గురించి అడిగాడు. మాస్టరింగ్‌కి వచ్చేది ఒకసారి ఫీజే. 2012 కాపీరైట్ సవరణ రాయల్టీ హక్కు కాపాడింది రచయితకీ స్వరకర్తకీ, మనకి కాదు. ట్యూన్‌లో నీ చెయ్యి ఉంటే కంపోజర్‌గా పేరు రాయించుకుని ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసే సంఘం) చేరు. వినడానికి ముందు ఎంపీ3 పంపు, డబ్బు పడ్డాకే వేవ్ (పూర్తి నాణ్యత ఫైల్). రివిజన్లు రెండే అని మొదటి మెసేజ్‌లోనే రాయి. ‘మిక్స్ కొంచెం మార్చాం’ అంటే అది రివిజన్ కాదు, కొత్త పని.

ఫోక్_మిక్స్: గది ఎత్తు 9 అడుగులే. ఇంకోటి, సెషన్ 48 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటులో ఉంది, క్లయింట్ 44.1, 16 బిట్ కూడా అడుగుతున్నాడు. మాస్టర్ ఫైల్‌ని కన్వర్ట్ చేసి ఇచ్చేయనా?

టేపుకాలం: చెయ్యి, కానీ శాంపుల్ రేటు మార్చాక పీక్‌లు మళ్లీ లేస్తాయి. కన్వర్ట్ చేశాక ట్రూ పీక్ చూడు, దాటితే లిమిటర్‌కి ముందు దశకెళ్లి రేటు మార్చి, తర్వాత లిమిట్ చెయ్యి. డితర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నని నాయిస్) అన్నిటికన్నా చివర, ఒక్కసారే. వీడియో ఎడిటర్‌కి మాత్రం 48 వేవే ఇవ్వు.

లఫ్స్_లెక్క: -14 కంటే లౌడ్‌గా ఇస్తే ట్రూ పీక్ -2 ఉంచమని స్పాటిఫై వాళ్లే చెప్తారు. కనీసం అదైనా వినండి.

డీజే_బాక్స్: గా మాట ఒప్పుకుంట. ఇగ పెన్‌డ్రైవ్‌కు 320 ఎంపీ3 నువ్వే చేసియ్యి, లేకుంటే వాట్సాప్‌ల వచ్చిన ఫైలే ఎక్కిస్తరు. పంపేముందు మోనోల ఒకసారి విను తమ్మీ. బాక్సులు శానమటుకు మోనోనే, వైడ్ జేసిన సింథ్ గాయబ్ అయితది.